ఉప్పు మాస్టారు పారబోసిన నీళ్లు

ఆ ఆసుపత్రిలో ఎంతమంది డాక్టర్లున్నారో రోగులకు తెలియకపోవచ్చు గానీ, వంటింట్లో ఉప్పు వేసేది ఎవరో మూడో అంతస్తులో కాలు విరిగి పడుకున్నవాడికి కూడా తెలుసు. ఆయన్ని అందరూ ఉప్పు మాస్టారు అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, దానితో ఎవరికీ పనిబడలేదు. ఇరవై ఏడేళ్లుగా రోజూ నాలుగు వందల మందికి వండుతున్నాడు, ఇంతవరకూ చెంచా పెట్టి ఉప్పు కొలిచిన పాపాన పోలేదు. డబ్బాలోంచి గుప్పిట్లోకి తీసుకుంటాడు, వేళ్ల సందుల్లోంచి గంగాళంలోకి వదులుతాడు, గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలిస్తాడు, కళ్లు మూసుకుంటాడు. కళ్లు తెరిస్తే సరిపోయిందని అర్థం. తెరవడం ఆలస్యమైతే ఇంకో చిటికెడు పడుతుంది.

వంటిల్లు ఆసుపత్రి వెనక వైపు, కింది అంతస్తులో ఉంది. ఒకవైపు ఆరు మంటల పెద్ద పొయ్యి, అది మాస్టారిది. ఇంకోవైపు రెండు మంటల చిన్న పొయ్యి, దాని మీద బామ్మర్ది సూపులూ గంజీ కాస్తుంటాడు. బామ్మర్ది అంటే మాస్టారి భార్యకు సొంత తమ్ముడు. పదిహేనేళ్ల కిందట ఉద్యోగం వేయించింది మాస్టారే, ఆ మర్నాటి నుంచి ఎందుకు వేయించానా అని చింతిస్తున్నదీ ఆయనే. వాడు పని చేస్తూ పాడతాడు, మిరియాలు ఒక పిడికెడు ఎక్కువ వేస్తాడు, అడిగితే నవ్వుతాడు. వాడికి నలభై రెండేళ్లొచ్చినా మాస్టారి నోట్లో ఇంకా "ఆ కుర్రవాడే".

కిడ్నీ వార్డు గిన్నె ఒక్కటి మాత్రం మాస్టారు ఎవరి చేతికీ ఇవ్వడు. దాని పద్ధతి వేరు. బంగాళాదుంపలు చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ బోలెడు నీళ్లు పోసి ఉడికించి, వాటినీ వార్చేయాలి. అప్పుడు గానీ వంట మొదలు కాదు. పక్కనే గోడ మీద ఎర్ర అక్షరాల పట్టిక వేలాడుతుంటుంది: అరటిపండు వద్దు, టమాటా వద్దు, పాలకూర వద్దు, చిక్కుళ్లు వద్దు, కమలాపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు. కొత్తగా పనిలో చేరినవాడెవడైనా ఎందుకని అడిగితే మాస్టారు గొంతు తగ్గించి చెబుతాడు: "వీటిల్లో పొటాషియం అని ఒకటుంటుందిరా. అది గుండెను ఆపేస్తుంది. నీళ్లతో పాటు పోతుంది కాబట్టి బతికిపోతున్నాం."

ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. సగం తెలిసినవాడితో చిక్కే అది, ఆ సగాన్నే నిండుగా నమ్ముతాడు.

ఇలా ఉండగా లాండ్రీలో ఒకాయన ఆవిరి మిషను ముందు కళ్లు తిరిగి పడిపోయాడు. దాంతో వేడి దగ్గర పనిచేసే వాళ్లందరికీ పరీక్షలు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మాస్టారు అప్రాను విప్పకుండానే వెళ్లి కూర్చున్నాడు. నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది, అంకె చూసింది, ఇంకోసారి కొట్టింది. నూట డెబ్భై రెండు, కింద నూట ఆరు. స్టాఫ్ డాక్టరు కళ్లజోడు పైకి తోశాడు.

"ఉప్పు ఎంత తింటారు మాస్టారూ?"

"ఇంట్లో అందరిలాగే సార్."

"ఇక్కడ?"

"ఇక్కడ తినను సార్. రుచి చూస్తాను."

"రోజుకి ఎన్నిసార్లు?"

మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టాడు. పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం ఏడు గంగాళాలు, ఒక్కోదానికి మూడుసార్లు, సాయంత్రం మళ్లీ అంతే. వేళ్లు అయిపోయాక ఒప్పుకున్నాడు: "ఒక యాభై ఉంటాయి సార్."

డాక్టరు మాత్రలు రాశాడు, రక్తపరీక్ష చేయించాడు, కిడ్నీలు బాగానే ఉన్నాయన్నాడు. పోషకాహారం చూసే అమ్మాయిని కలవమని చీటీ ఇచ్చాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. "రెండు నెలలకి ఒకసారి చూస్తాం, ఆ తర్వాత ఆరు వారాలకి ఇంకోసారి. అప్పటికీ నూట నలభై లోపుకి రాకపోతే పొయ్యి దగ్గర నిలబడనివ్వం. స్టోర్లో కూర్చోండి, ఉల్లిపాయల బస్తాలు చూసుకోవచ్చు."

"మరి పొయ్యి?"

"మీ బామ్మర్ది ఉన్నాడుగా."

మాస్టారికి ఆ క్షణంలో మళ్లీ పట్టీ చుట్టి ఉంటే మిషను పగిలిపోయేది. స్టోరు అంటే ఆయన దృష్టిలో రిటైర్ కాకుండానే గోడకు ఆనించిన నిచ్చెన బతుకు. అందులోనూ ఆ మిరియాల వెధవ తన పొయ్యి ముందు నిలబడి పాడుకుంటుంటే, తను తలుపు సందులోంచి వాసన చూస్తూ కూర్చోవాలి. పోషకాహారం అమ్మాయికి ఇమ్మన్న చీటీని అప్రాను జేబులో కుక్కాడు. నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల, ప్రతిదీ గ్రాముల్లో మాట్లాడుతుందని వంటింట్లో ఆమెకు గ్రాముల అమ్మాయి అని పేరు పెట్టింది కూడా తనే. ఆసుపత్రి తిండి గురించి తనకు ఒకరు చెప్పాలా?

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె ముందుగదిలో కుట్టుమిషను మీద ఎవరిదో చొక్కా కాలరు కుడుతోంది. వింటూ మిషను ఆపేసింది. సూది గుడ్డలో దిగి అలాగే ఉంది. ఎంతసేపటికీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనాన్ని మాస్టారు తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు: పొయ్యి తమ్ముడికి వస్తుందని లోలోపల సంతోషిస్తోంది, పైకి అనలేక ఊరుకుంది. రక్తసంబంధం రక్తసంబంధమే. ఆ అనుమానం ముల్లులా దిగి, మూడున్నర నెలలు ఆయన గుండెల్లోనే ఉండిపోయింది.

మర్నాడే ఇంట్లో చట్టం అమల్లోకి వచ్చింది. గోడ మీది ఎర్ర పట్టికను ఒక కాగితం మీద ఎక్కించుకొచ్చి వంటగది తలుపుకు అంటించాడు.

"అరటిపండుకీ బీపీకీ ఏంటండీ సంబంధం?" అంది భార్య. ఆమెకు పొద్దున్నే ఒక అరటిపండు పడకపోతే మిషను తొక్కడానికి కాలు లేవదు.

"ఆసుపత్రి గోడ మీద ఉంది. నీకంటే గోడకి ఎక్కువ తెలుసు."

గోడతో వాదించి గెలిచినవాళ్లు ఎవరున్నారు? నాలుగు రోజుల తర్వాత గుడ్డపీలికల పెట్టెలో అరటితొక్క దొరికింది. అది ఎవరు తెచ్చిచ్చారని నిలదీస్తే, తమ్ముడు అని తేలింది. ఇంకేముంది, గోరుచుట్టు మీద రోకటి పోటు. అక్కా తమ్ముళ్లు ఏకమై తన మీద కుట్ర పన్నుతున్నారనడానికి మాస్టారికి సాక్ష్యం కూడా చేతికి చిక్కింది.

ఇక ఆసుపత్రిలో ఆయన మధ్యాహ్న భోజనం కిడ్నీ వార్డు గిన్నెలోంచే. ఉప్పు లేదు, ఎర్ర పట్టికలోది ఒక్కటీ లేదు, డాక్టర్లు ఒప్పుకున్న తిండి. ఇంతకంటే పథ్యం ఏముంటుంది? అంట్లు కడిగే గది వెనక, బకెట్ల మధ్య స్టూలు వేసుకుని, ఎవరూ చూడకుండా తినేవాడు, ఒకటి రెండుసార్లు మాత్రం బామ్మర్ది కంటపడ్డాడు. నానబెట్టి, ఉడికించి, రెండుసార్లు నీళ్లు వార్చిన దుంపముక్క ఎలా ఉంటుందో వర్ణించడం అనవసరం. మింగలేక కక్కలేక కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఇరవై ఏడేళ్లు జనానికి రుచి పంచినవాడికి ఆ శిక్ష ఏమిటో పగవాడికి కూడా వద్దు. పైగా వార్చిన నీళ్లు కాలవలో పోస్తూ ప్రతిరోజూ, "పో, దరిద్రం పో" అని సాగనంపేవాడు. గరిటె రుచి చూడటం మాత్రం మానలేదు, అది తిండి కాదు కదా, ఉద్యోగం.

రెండు నెలలయ్యాయి. నర్సు గాలి కొట్టింది. నూట అరవై, కింద తొంభై ఎనిమిది.

"తగ్గింది, కానీ చాలదు," అన్నాడు డాక్టరు. "మాత్రలు వేసుకుంటూ కూడా ఇంత ఉందంటే తిండిలో ఎక్కడో తేడా ఉంది. గుర్తుంది కదా, ఇంకా ఆరు వారాలు."

ఆ వారం మాస్టారు ఎవరితోనూ మనిషిలా మాట్లాడలేదు. గిన్నె కింద పెడితే చప్పుడైందని అరిచాడు, చప్పుడు కాకుండా పెడితే దొంగలా పెట్టావని అరిచాడు. బామ్మర్ది పాట ఆపేశాడు. పాట ఆపినందుకు ఆయనకు ఇంకా మండింది. "ఏరా, పొయ్యి చేతికొచ్చేదాకా మౌనవ్రతమా?" అన్నాడు. వాడు నేరుగా గ్రాముల అమ్మాయి గదికి వెళ్లి తలుపు తట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు బకెట్ల మధ్య స్టూలు మీద కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఎదురుగా ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనకాల రెండడుగుల దూరంలో బామ్మర్ది.

"చెప్పేశావట్రా," అన్నాడు మాస్టారు.

"చెప్పాను బావా. రోజురోజుకీ నీ మొహం చూడలేకపోతున్నాను."

గ్రాముల అమ్మాయి కంచంలోకి తొంగిచూసింది. "మాస్టారూ, ఇది కిడ్నీ వార్డు గిన్నెలోది కదా?"

"అవునమ్మా. రెండు నెలల నుంచీ ఇదే. ఇంట్లో కూడా మీ ఎర్ర పట్టికే. ఒక్క అరటిపండు ముట్టలేదు, ఒక్క టమాటా ముట్టలేదు. ఇంకేం చేయమంటారో మీరే చెప్పండి."

ఆమె ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోందని బామ్మర్ది తర్వాత చెప్పాడు గానీ, మాస్టారికి ఆ క్షణంలో కనిపించలేదు.

"ఆ దుంపల నీళ్లు ఎందుకు పారబోస్తున్నారు?"

"పొటాషియం పోవాలని."

"ఎవరికి పోవాలని?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మాస్టారిని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు.

"ఉప్పు ఒంట్లోకి వచ్చే చుట్టం అనుకోండి," అంది ఆమె. "ఒక్కత్తే రాదు, నీళ్లని వెంటేసుకుని వచ్చి కూర్చుంటుంది. రక్తం బరువెక్కుతుంది, బీపీ పెరుగుతుంది. పొటాషియం ఏం చేస్తుందంటే, ఆ చుట్టాన్ని మర్యాదగా గుమ్మం దాకా సాగనంపుతుంది. కిడ్నీలు ఉప్పుని బయటికి పంపేస్తాయి. బిగుసుకుపోయిన రక్తనాళాలు కూడా కాస్త వదులవుతాయి. మీ కిడ్నీలు బాగున్నాయి కాబట్టి మీకు అది కావాలి. కిడ్నీ వార్డులో వాళ్లకి ఆ గుమ్మమే మూసుకుపోయింది. పొటాషియం బయటికి పోలేక పేరుకుని గుండెని పట్టుకుంటుంది. అందుకని వాళ్లకి తీసేస్తున్నాం."

మాస్టారు కంచం కేసి చూశాడు. ఆ తర్వాత కాలవ కేసి చూశాడు. "అంటే అమ్మా, నాకు కావాల్సినదాన్ని నా చేత్తో కాలవలో పోసి, మిగిలిన పిప్పిని ఏడుస్తూ తింటున్నానా?"

"పిప్పి కాదు, అది వాళ్లకి మందు. మీకు కాదు, అంతే."

"ఆ నీళ్లు తాగేస్తే?" మాస్టారి కళ్లలో ఆశ మెరిసింది.

"పండు తినేవాడికి కడిగిన నీళ్లెందుకండీ? మామూలు కూరలు తినండి. ముందు మీ మాత్రల చీటీ చూపించండి. కొన్ని బీపీ మాత్రలు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి. అవి వాడేవాళ్లు అడక్కుండా ఎక్కువ తినకూడదు." చీటీ చూసింది, రక్తపరీక్ష కాగితం తెప్పించి అదీ చూసింది. పర్వాలేదంది. రోజూ ఏమేం తినాలో రాసింది, ఈసారి గ్రాముల్లో కాకుండా పళ్ల లెక్కన, గిన్నెల లెక్కన రాసింది. చివర ఒక్క మాట కలిపింది: "కానీ యాభైసార్లు ఉప్పు రుచి చూస్తుంటే పొటాషియం ఒక్కటీ ఏమీ చేయలేదు మాస్టారూ. ఆ గరిటె ఇంకొకరికి ఇవ్వాలి."

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా ఒక గ్లాసుడు దుంపల నీళ్లు తాగాడు మాస్టారు. ఆసుపత్రిలో ఇంతవరకూ ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తడు.

ఇంటికి వెళ్తూ రెండు హస్తాల అరటిపళ్లు, ఒక కట్ట పాలకూర, సంచీడు టమాటాలు కొన్నాడు. భార్య సంచీలోకి చూసి, తలుపు మీది కాగితం కేసి చూసింది. "గోడ ఏమైనా మనసు మార్చుకుందా?" అంది. మాస్టారు కాగితం చింపి, మొదటి పండు ఆమెకే ఒలిచి ఇచ్చాడు.

గరిటె ఇవ్వడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. ఇరవై ఏడేళ్లలో ఇంకొకరి నాలుకను నమ్మని మనిషి. మొదటిరోజు గంగాళం ముందు బామ్మర్దిని నిలబెట్టాడు. ఉప్పు తనే వేశాడు. వాడు గరిటెతో కాస్త తీసి చప్పరించాడు.

"సరిపోయింది బావా."

"కళ్లు మూసుకున్నావా?"

"ఎందుకూ?"

"మూసుకుని చెప్పు."

వాడు మూసుకున్నాడు. "సరిపోయింది."

"ఎంతసేపు మూసుకున్నావు? రెప్ప వేసినట్టుంది. మళ్లీ."

ఇలా నాలుగు గంగాళాలు అయ్యేసరికి వాడి తలప్రాణం తోకకొచ్చింది. మూడోరోజు ఒక వార్డు నుంచి మాస్టారు సెలవులో ఉన్నారా అని కబురొచ్చింది. మాస్టారికి పట్టరాని ఆనందమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. పదోరోజుకి ఆ కబుర్లు ఆగిపోయాయి. అప్పుడు దుఃఖం ఒక్కటే మిగిలింది. అయినా రోజూ చిక్కుళ్లూ పాలకూరా పళ్లూ తింటున్నాడు, మాత్ర మరిచిపోవడం లేదు, గరిటె ముట్టడం లేదు. ఆరో వారానికి ఇంటి కూరలో సగం ఉప్పు వేసినా ఆయన నాలుకకు నిండుగానే తోచింది.

మూడో పరీక్షకు బామ్మర్ది కూడా వెంట వచ్చాడు. బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పటికి మాస్టారు వంటవాడో, ఉల్లిపాయల కాపలావాడో తేలిపోతుంది. నర్సు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, ఆ తర్వాత గాలి కొట్టింది. నూట ముప్పై ఆరు, కింద ఎనభై నాలుగు.

"పొయ్యి మీదే," అన్నాడు డాక్టరు.

మాస్టారు గర్వంగా బామ్మర్ది మొహంలోకి చూశాడు. ఎన్ని రోజులుగా ఊహించుకున్నాడో, ఆ మొహం ఎలా వాడిపోతుందో అని. వాడు మాత్రం చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. "గెలిచావు బావా," అని భుజం తట్టాడు. మాస్టారికి ఎక్కడో సిగ్గేసింది.

"మీరూ కూర్చోండి," అంది నర్సు వాడితో. "పరీక్షకి పిలిచిన ప్రతిసారీ సెలవు పెట్టారు. మీ కాగితం ఖాళీగా ఉంది."

వాడు నవ్వుతూనే చెయ్యి చాపాడు. నర్సు గాలి కొట్టింది. మళ్లీ కొట్టింది. రెండో చేతికి చుట్టి కొట్టింది. నూట డెబ్భై ఎనిమిది, కింద నూట పది.

డాక్టరు మెల్లగా చెప్పాడు: రేపటి నుంచి పొయ్యి దగ్గరికి రావద్దు, స్టోర్లో కూర్చోవాలి, మాత్రలు ఇవాళే మొదలుపెట్టాలి. బామ్మర్ది చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ, గుండీ దొరక్క వెతుక్కుంటున్నాడు. వాడి మొహం వాడిపోయింది. మూడున్నర నెలలుగా మాస్టారు చూడాలనుకున్న మొహం అదే. ఈ ఆరు వారాలూ ఆ ఉప్పంతా వాడి నాలుక మీద వేయించింది ఎవరు?

"సార్," అన్నాడు మాస్టారు, "నాకిచ్చినట్టే వాడికీ గడువివ్వండి."

"పొయ్యి దగ్గర రుచి చూడక తప్పదు కదా మాస్టారూ. మళ్లీ మీరు మొదలుపెడతారా?"

"ఎవరూ చూడక్కర్లేదు. రేపటి నుంచి ఉప్పు తూకం వేసి వేస్తాను. గ్రాముల అమ్మాయి ఎంత రాస్తే అంత."

బామ్మర్ది తలెత్తి చూశాడు. "బావా, నీ చెయ్యి..."

"నువ్వు నోర్మూసుకో."

డాక్టరు, ముందు రెండు వారాలు విశ్రాంతి, రక్తపరీక్ష, ఆ తర్వాత అంకె దిగితే చిన్న పొయ్యి దగ్గరికి రానిస్తానన్నాడు.

ఇంటి గుమ్మం ముందు ఇద్దరూ ఆగిపోయారు. వాడి అక్కకు ఈ మాట ఎవరు చెప్పాలి? నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని తోసుకుంటుండగా ఆమే తలుపు తీసింది. ఇద్దరి మొహాలూ చూసింది. మాస్టారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కుట్టుమిషను స్టూలు మీద కూర్చోబెట్టింది.

"పోతే పోయింది పొయ్యి," అంది. "మా నాన్నకి ఇదే జబ్బుతో ఒక పక్క పడిపోయినప్పుడు నాకు పదమూడేళ్లు. మీరు ఆ అంకె చెప్పిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. నోరు తెరిస్తే ఏడుస్తానని ఏమీ అనలేదు. స్టోర్లో కూర్చోండి, ఎక్కడైనా కూర్చోండి. మీరు ఉండండి, నాకది చాలు."

ఆ మౌనానికి తను ఎంత చెడ్డ అర్థం కట్టుకున్నాడో మాస్టారికి అప్పుడు తెలిసింది. అయినా చెప్పక తప్పదు.

"నాది దిగిందే. పొయ్యి నాదే. వీడిది ఎక్కింది. నాకు మొదట ఉన్నదాని కంటే ఎక్కువ."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. వాడు, "ఏం కాలేదక్కా, మాత్రలిచ్చారు," అన్నాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచింది, ఆ చేత్తోనే వాడి చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. తన కోసం బావ ఉప్పు తూకం వేస్తానన్నాడని వాడు చెప్పాడు. ఆమె నమ్మలేనట్టు మాస్టారి కుడిచేతి కేసి చూసింది.

"ఇన్నేళ్లలో నా తమ్ముణ్ణి ఒక్కసారైనా మెచ్చుకోలేదు మీరు."

"ఇప్పుడు మాత్రం ఎవడు మెచ్చుకున్నాడు?" అన్నాడు మాస్టారు. "వీడు పడిపోతే ఆ వంటింట్లో నేను ఎవణ్ణి తిట్టుకుంటూ బతకాలి? రక్తపరీక్ష అయ్యేదాకా వీడికి నీ అరటిపళ్లు పెట్టకు, ముందు ఆ అమ్మాయిని అడగాలి."

బామ్మర్ది నవ్వబోయి, నవ్వలేక, కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని వాళ్లిద్దరి మధ్యా కూర్చుంది.